బంకు లేని 365 కిలోమీటర్లు: మీ ఫోర్ బై ఫోర్ బండి నిజంగా ఎంత దూరం పోతుందో లెక్కగట్టడం ఎలా

మనాలీ నుంచి లేహ్ వెళ్లేటప్పుడు అటల్ టన్నెల్ దాటాక, చంద్రా భాగా నదులు కలిసే చోట తాండి అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడి బంకు దగ్గర ఏళ్ల తరబడి ఒక బోర్డు ఉంది: తర్వాతి బంకు 365 కి.మీ. దూరంలో. ఆ బోర్డు పక్కన ఫొటో దిగని వాళ్లు తక్కువ. ఫొటో అయ్యాకే అసలు ప్రశ్న మొదలవుతుంది. "మన బండి ఫుల్ ట్యాంక్‌కి ఎంత పోతుంది?" అని పక్క సీట్లో వాళ్లు అడుగుతారు. నడిపేవాళ్లు డ్యాష్‌బోర్డు చూసి "480 చూపిస్తోంది, ఏం కాదు" అంటారు. నాలుగు గంటలు గడిచి, బారాలాచా కనుమ ఎక్కేసరికి ఆ 480 కాస్తా 210కి పడిపోతుంది. పోయిందేమో 90 కిలోమీటర్లే. అక్కడ మొదలవుతుంది టెన్షన్.

డ్యాష్‌బోర్డు అబద్ధం చెప్పలేదు. గత కొన్ని కిలోమీటర్లు బండి ఎంత తాగిందో చూసి, ముందు కూడా అంతే తాగుతుందనుకుని లెక్క వేసింది. ముందు ఘాట్ ఉందని దానికి తెలియదు. ఆ సంగతి తెలిసింది మీకే కాబట్టి లెక్క కూడా మీరే వేసుకోవాలి. ఎలాగో కింద చెబుతున్నాను. ఉదాహరణలకు మన దగ్గర ఎక్కువగా కనిపించే జిమ్నీ, థార్ తీసుకున్నాను. పద్ధతి ఏ బండికైనా ఒకటే.

ముందే ఒక మాట. దారిని కిలోమీటర్లలో కాక లీటర్లలో చూడటం అలవాటు చేసుకోండి. "ఈ బండి 13 ఇస్తుంది" అన్నది ఊరిలో మాట్లాడుకోవడానికి బాగుంటుంది. బంకు లేని దారిలో అడగాల్సింది "ఈ ముక్క దాటడానికి ఎన్ని లీటర్లు కావాలి" అని.

కంపెనీ అంకెను పక్కన పెట్టండి

జిమ్నీ మాన్యువల్‌కి కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 16.94 కి.మీ. అది ల్యాబ్‌లో, రోలర్ల మీద, గంటకు 90 కి.మీ. దాటకుండా, ఒక నిర్ణీత పద్ధతిలో నడిపి తీసిన అంకె. రెండు బండ్లను పోల్చడానికి పనికొస్తుంది. మీ బండి మీ సామానుతో, మీ కాలి కింద ఎంత ఇస్తుందో చెప్పడానికి పనికిరాదు. ట్యాంకు సైజు మాత్రం గుర్తుంచుకోండి: జిమ్నీది 40 లీటర్లు, థార్ ఫోర్ బై ఫోర్‌ది 57, థార్ రాక్స్‌దీ 57, ఫార్చ్యూనర్‌ది 80. ఆస్ట్రేలియాలో అమ్మే ల్యాండ్ క్రూయిజర్ 70కి 130 లీటర్ల ట్యాంకు ఇస్తారు. అక్కడి కానింగ్ స్టాక్ రూట్ దాదాపు 1,850 కి.మీ. ఉంటుంది. అంత దారిలో మధ్యలో ఒక ఆదివాసీ ఊరిలో తప్ప ఇంధనం దొరకదు. అలాంటి దేశంలో 130 లీటర్లు సోకు కాదు, అవసరం. మన అవసరం దానిలో మూడో వంతు. కానీ మన ట్యాంకులూ అంతే చిన్నవి.

ట్యాంక్ టు ట్యాంక్: సరిగ్గా కొలవడం

ట్యాంకు నింపి, నడిపి, మళ్లీ నింపి ఎన్ని లీటర్లు పట్టిందో చూసే ఈ పద్ధతి అందరికీ తెలుసు. సరిగ్గా చేసేవాళ్లు మాత్రం తక్కువ, ఎందుకంటే అసలు తప్పు బంకు దగ్గరే జరుగుతుంది. నాజిల్ "టక్" మని ఆగుతుంది. బంకు కుర్రాడు మీటరు చూసి "రౌండ్ ఫిగర్ చేసేయమంటారా సార్?" అంటాడు. 2,947 రూపాయలు 3,000 అవుతుంది. ఇంకోసారి ఇంకో కుర్రాడు రౌండ్ చేయకుండా ఆపేస్తాడు. ఒకసారి అర లీటరు ఎక్కువ, ఒకసారి తక్కువ. 35 లీటర్ల లెక్కలో అర లీటరంటే ఒకటిన్నర శాతం తేడా. చిన్నదే అనిపిస్తుంది కానీ అన్ని తప్పులూ ఇలాంటివే, కలిసి వస్తాయి.

అందుకని ఇలా చేయండి. ఒకే బంకు, వీలైతే అదే పంపు, బండి సమంగా ఉన్న చోట. నాజిల్ మొదటిసారి ఆగగానే చాలు అనండి. ట్రిప్ మీటరు సున్నా చేయండి. మళ్లీ కనీసం ముప్పావు ట్యాంకు ఖర్చయ్యాకే నింపండి. ఐదు లీటర్లు కొట్టించి మైలేజీ తీస్తే ఆ అంకెకు విలువ లేదు. 412 కి.మీ. నడిచాక 33.6 లీటర్లు పట్టిందనుకోండి. మైలేజీ 12.26. ఇదే అంకెను తిప్పి రాయండి: 33.6ని 412తో భాగించి వందతో గుణిస్తే, వంద కిలోమీటర్లకు 8.16 లీటర్లు.

ఈ తిప్పి రాయడం ఎందుకో చెబుతాను. వంద కి.మీ. హైవేలో బండి లీటరుకు 16 ఇచ్చింది, ఇంకో వంద కి.మీ. ఘాట్‌లో 8 ఇచ్చింది. సగటు ఎంత? పన్నెండని చాలామంది అంటారు. హైవేకి 6.25 లీటర్లు, ఘాట్‌కి 12.5 లీటర్లు, మొత్తం 18.75. రెండు వందల కి.మీ.కి 18.75 అంటే మైలేజీ 10.67. పన్నెండు అనుకుని బయల్దేరిన మనిషి ఆఖరి ఇరవై కిలోమీటర్లు నడుచుకుంటూ పోతాడు. లీటర్లు కూడితే కూడికే, తప్పు రాదు. మైలేజీలను సగటు చేయబోతే తప్పు వస్తుంది. మన ఊళ్లో మైలేజీ మాటే చెల్లుతుంది కాబట్టి ఎవరైనా అడిగితే అదే చెప్పండి, డైరీలో మాత్రం వంద కి.మీ.కి లీటర్లు రాసుకోండి.

పెద్ద టైర్లు వేయించిన వాళ్లకు ఇంకో పని ఉంది. జిమ్నీకి కంపెనీ టైరు 195/80 ఆర్15, ఎత్తు 693 మి.మీ. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే ఎత్తు 733 దాటుతుంది. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 6 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. మీటరు 400 చూపిస్తే నిజంగా నడిచింది 423. టైర్లు మార్చగానే మైలేజీ పడిపోయిందని మెకానిక్‌తో గొడవ పడే ముందు ఈ లెక్క చూసుకోండి. నిజంగా పడిపోతుంది కూడా, బరువైన టైరుకు ఇంజను ఎక్కువ కష్టపడాలి కదా. కానీ అందులో కొంత మీటరు మాయే. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని వంద కి.మీ. హైవే నడిపి పోల్చండి, తేడా శాతం డైరీ మొదటి పేజీలో రాయండి.

ముల్లును చదవడం నేర్చుకోండి

ఫోర్ బై ఫోర్ బండి ట్యాంకు డబ్బా ఆకారంలో ఉండదు. ఛాసిస్‌కీ, చక్రాలకు బలం మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కీ మధ్య దొరికిన సందులో ఒదిగించి చేస్తారు. అందుకే ముల్లు సమంగా దిగదు. నిండు నుంచి సగానికి రావడానికి ఒక పూట పడుతుంది, సగం నుంచి ఎర్ర గీతకు చూస్తుండగానే వచ్చేస్తుంది. డిజిటల్ గీతల మీటర్లదీ ఇదే కథ.

మందు తేలికే, ఓపిక ఉండాలి. ఒకసారి ముల్లు సగంలో ఉన్నప్పుడు నింపి ఎన్ని లీటర్లు పట్టిందో రాయండి. ఇంకోసారి పావులో ఉన్నప్పుడు. ఇంకోసారి రిజర్వు లైటు వెలిగిన వెంటనే. మూడు నాలుగు నెలల్లో మీ బండికి సొంత పట్టిక తయారవుతుంది. 40 లీటర్ల ట్యాంకులో లైటు వెలిగిన వెంటనే నింపితే 33 పట్టిందంటే, ఇంకా ఏడు లీటర్లు ఉండగా లైటు వెలుగుతోందన్న మాట.

ఆ ఏడూ వాడుకోవచ్చు అని అనుకోకండి. పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, చుట్టూ ఉన్న ఇంధనమే దానికి చల్లదనం. ఏటవాలు దారిలో, బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు, అడుగున ఉన్న నాలుగైదు లీటర్లు ఒక మూలకు చేరతాయి, పంపు గాలి పీలుస్తుంది. ఊరి రోడ్డు మీద రిజర్వులో ఇరవై కిలోమీటర్లు పోయిన బండే కొండ దారిలో అదే ఇంధనంతో ఆగిపోవచ్చు. డీజిల్ బండి అయితే ఇంకా పెద్ద తలనొప్పి: లైనులో గాలి పట్టేస్తే డీజిల్ పోసినా వెంటనే స్టార్ట్ అవదు, గాలి తీయాలి. వంకర్ల ఘాట్‌లో, చలిలో, ఫ్లాష్‌లైట్ పెట్టుకుని ఆ పని చేయాలని ఎవరికీ ఉండదు. నేనైతే ట్యాంకులో ఆఖరి ఐదు లీటర్లు లేవనే అనుకుంటాను. జిమ్నీకి 35, థార్‌కి 52. అదే అసలు ట్యాంకు.

పూర్తిగా అంచుదాకా నింపించి ఈ లోటు పూడ్చుకోవాలని కొందరికి ఆశ. మే నెలలో తెల్లవారుజామున చల్లటి పెట్రోలు అంచుదాకా నింపి, బండిని ఎండలో పెట్టండి. 40 లీటర్ల పెట్రోలు ఇరవై డిగ్రీలు వేడెక్కితే ముప్పావు లీటరు దాకా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఆవిరి పట్టే క్యానిస్టర్‌లోకి పోతుంది, దాన్ని పాడుచేస్తుంది. టక్ మన్నాక ఆపేయడమే మేలు.

నాలుగు రకాల దారికి నాలుగు అంకెలు

ఒకే మైలేజీ అంకెతో అన్ని దారులూ లెక్కగట్టలేం. నాలుగు అంకెలు కావాలి, నాలుగింటినీ మన ఊళ్లోనే తీసుకోవచ్చు.

మొదటిది హైవే. హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు జాతీయ రహదారి 44 మీద గంటకు 80లో ఒక ట్యాంకు, 100లో ఒక ట్యాంకు నడిపి చూడండి. ఈ బండ్లు ముందు గోడ కట్టుకుని పరిగెత్తుతున్నట్టు ఉంటాయి. 80 నుంచి 100కి పెంచితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. రూఫ్ మీద క్యారియర్, దానిమీద టెంటు, ముందు లైట్ల బార్ ఉంటే ఇంకా ఎక్కువ. లదాఖ్ వెళ్లొచ్చి రెండేళ్లయినా క్యారియర్ దించని వాళ్లను చూశాను. రోజూ ఆఫీసుకు వెళ్తూ దానికి పెట్రోలు పోస్తూనే ఉంటారు.

రెండోది సామాను నింపిన బండితో ఎత్తు పల్లాలు లేని మామూలు రోడ్డు. దీన్ని మూల అంకె అనుకోండి. నలుగురు మనుషులు, సామాను, అవసరమైతే ఏసీ, గతుకుల రోడ్డు మీద 50-60 వేగం. నిజమైన ట్రిప్‌కి ఇదే పునాది.

మూడోది ఎక్కుడు. ఇక్కడ కొంచెం స్కూల్ ఫిజిక్స్ పనికొస్తుంది. రెండు టన్నుల బండిని వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎత్తడానికి దాదాపు 20 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు డీజిల్‌లో 36 మెగాజౌళ్ల దాకా ఉంటాయి కానీ చక్రాలకు చేరేది అందులో మూడో వంతులోపే. మిగతాది వేడిగా పోతుంది. అంటే వెయ్యి మీటర్లు ఎక్కడానికి రెండు లీటర్ల లోపు డీజిల్. ఒకటిన్నర టన్నుల పెట్రోలు బండికి కూడా ఇంచుమించు అంతే. బండి తేలికే కానీ లీటరు పెట్రోలులో శక్తి తక్కువ, చక్రాలకు చేరే వాటా కూడా తక్కువ. గుర్తు పెట్టుకోవడానికి సులువైన లెక్క: మామూలు ఖర్చుకు అదనంగా, ప్రతి వెయ్యి మీటర్ల ఎక్కుడుకీ రెండు లీటర్లు. దూరం ఎంతన్నది కాదు, ఎత్తు ఎంతన్నదే లెక్క. ఈ అంకె మీ బండికి సరిపోతుందో లేదో చూడాలంటే విశాఖ వాళ్లకు అనంతగిరి ఘాట్ ఉంది, తిరుపతి వాళ్లకు తిరుమల ఘాట్, రాజమండ్రి వాళ్లకు మారేడుమిల్లి.

దిగుడులో కొంత తిరిగి వస్తుంది. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి కాలు తీస్తే ఇంజెక్టర్లు ఇంధనం ఆపేస్తాయి, చుక్క ఖర్చవదు. న్యూట్రల్‌లో దింపితే ఐడిలింగ్‌కి ఖర్చవుతూనే ఉంటుంది, పైగా బ్రేకులు కాలిపోతాయి. న్యూట్రల్‌లో దించితే మైలేజీ వస్తుందన్న నమ్మకం కార్బురేటర్ కాలం నాటిది. అది ఇంకా మన ఘాట్ రోడ్ల మీద బతికే ఉంది.

నాలుగోది అసలైన ఆఫ్‌రోడ్: ఇసుక, బురద, రాళ్లు, వాగు. ఇక్కడ కిలోమీటరుకి ఎంత అన్న ప్రశ్నే తప్పు. ఫోర్ లోలో, అంటే నాలుగు చక్రాలకూ బలం ఇస్తూ నెమ్మదిగా నడిపే గేరులో, గంటకు పది కిలోమీటర్లు పోతూ, మధ్యలో ఆగి, దిగి దారి చూసి, ఇంకో బండిని లాగి, మళ్లీ ఎక్కి పోతుంటే ఇంజను గంటల లెక్కన తాగుతుంది. కొలవడం ఇలా: ట్యాంకు నింపండి, ఊరి బయట మీకు తెలిసిన క్వారీ దారికో చెరువు కింద బురదకో వెళ్లండి, నాలుగు గంటలు ఆడుకోండి, తిరిగొచ్చి నింపండి. మొత్తం 22 లీటర్లు పట్టింది అనుకుందాం. రానుపోను తారు రోడ్డు 120 కి.మీ., మూల అంకె 8.2 చొప్పున 9.8 లీటర్లు. మిగిలిన 12.2ని నాలుగుతో భాగిస్తే గంటకు సుమారు 3 లీటర్లు. ఇక నుంచి ఎవరైనా "ఈ దారి ముప్ఫై కిలోమీటర్లే" అంటే, "ఎన్ని గంటలు పడుతుంది?" అని అడుగుతారు మీరు.

ఇసుక గురించి ఒక్క మాట. జైసల్మేర్ దగ్గరి సామ్ దిబ్బల్లాంటి మెత్తటి ఇసుకలో చక్రానికి వచ్చే అడ్డు తారు రోడ్డు కంటే పది రెట్లు దాటుతుంది. టైర్ల గాలి 15-18 పీఎస్ఐకి దింపితే చక్రం ఇసుకలో కూరుకోకుండా పైన తేలుతుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ అదే గాలితో తారు రోడ్డెక్కితే ఖర్చు పెరుగుతుంది, టైరు వేడెక్కి పాడవుతుంది. చిన్న కంప్రెసర్ బండిలో పెట్టుకోవడం మైలేజీ పనే.

ఇంధనం, ఎత్తు, చలి

ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి ఈ20 లీటరులో మొత్తంగా ఆరేడు శాతం శక్తి తక్కువ. దానికి తగ్గట్టు ట్యూన్ చేసిన ఇంజను కొంత సర్దుకుంటుంది, పాత ఇంజను సర్దుకోలేదు. నాలుగేళ్ల కిందటి డైరీ అంకెలతో ఇప్పుడు ట్రిప్ లెక్క వేయకండి, మళ్లీ కొలవండి.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచనవుతుంది. లేహ్ దారిలోని తంగ్లాంగ్ లా (లా అంటే కనుమ) 5,300 మీటర్లు దాటుతుంది, అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగం చిల్లర. గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో లేని పెట్రోలు ఇంజనుకి ప్రతి వెయ్యి మీటర్లకూ దాదాపు పది శాతం బలం తగ్గుతుంది. పలచని గాలి వల్ల మైలేజీ దానంతటదే పాడవదు. నిజానికి బండిని అడ్డుకునే గాలి కూడా తగ్గుతుంది. పాడయ్యేది మన కాలి వల్ల, గేరు వల్ల: బలం చాలక రెండో గేరులో, యాక్సిలరేటర్ నేలకు తొక్కి ఎక్కుతాం. ఇక్కడ టర్బో ఉన్న థార్ వాళ్లు కొంచెం నవ్వుకోవచ్చు.

చలికాలంలో వెళ్లే డీజిల్ బండ్ల వాళ్లు కింది ఊళ్ల డీజిల్ ట్యాంకులో పెట్టుకుని పైకి పోవద్దు. గట్టి చలిలో మామూలు డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లదాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ తెచ్చింది. పైకి వెళ్లాక అది దొరికే చోట నింపుకోవాలి. పొగను శుభ్రం చేసే డీఈఎఫ్ ద్రవం వాడే బీఎస్-6 డీజిల్ బండి అయితే దాన్నీ బయల్దేరే ముందు నింపండి. అది పూర్తిగా అయిపోతే ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా బండి మళ్లీ స్టార్ట్ అవదు.

ఇప్పుడు తాండి లెక్క

లేహ్‌కి 35 కి.మీ. ముందే కారూలో బంకు ఉంది. అయినా బోర్డు చెప్పిన 365కే లెక్క వేద్దాం. కొత్త బంకులు వస్తుంటాయి, పాతవాటిలో స్టాకు అయిపోతుంటుంది. వెళ్లే ముందు కనుక్కోండి, ఉంటే సంతోషం, లెక్కలో మాత్రం కలపొద్దు.

ఎక్కుళ్లు చూద్దాం. తాండి దాదాపు 2,570 మీటర్లు, బారాలాచా 4,890: అది 2,320. సర్చూకి దిగి, గాటా లూప్స్ 21 వంపులు తిరిగి నకీ లా చేరడానికి 450. కొంచెం దిగి మళ్లీ లాచులుంగ్ లా ఎక్కడానికి ఇంకో 400. పాంగ్ నుంచి తంగ్లాంగ్ లాకి 730. కూడితే 3,900, గుండుగుత్తగా నాలుగు వేల మీటర్లు. చార్మినార్ ఎత్తు 56 మీటర్లు. డెబ్బైకి పైగా చార్మినార్లు ఒకదానిమీద ఒకటి పెట్టి బండిని పైకి ఎక్కించినట్టు.

జిమ్నీకి మూల అంకె వంద కి.మీ.కి 7.5 అనుకుందాం (మీ డైరీలో ఏముంటే అది వేసుకోండి). 365కి 27.4 లీటర్లు. ఎక్కుడుకు 8. రోడ్డు పనుల దగ్గర ఆగడం, పొద్దున ఇంజను వేడెక్కించడం, చలికి హీటరు వేసుకుని కూర్చోవడం: వీటికి 2. మొత్తం 37.4. దిగుడులో తిరిగొచ్చేది నేను తీసేయలేదు, కావాలనే. దీనిమీద ఇరవై శాతం కలపండి, దారి మూసేసి వెనక్కి పంపితే ఉండాలి కదా. 44.9 లీటర్లు. వాడుకోదగ్గ ట్యాంకు 35. పది లీటర్లు తక్కువ.

అదే డీజిల్ థార్‌కి మూల అంకె 8.5 వేస్తే 31 లీటర్లు, ఎక్కుడుకు 8, ఆగినందుకు 2, మొత్తం 41. ఇరవై శాతం కలిపితే 49.2. వాడుకోదగ్గది 52. క్యాన్ అక్కర్లేదు.

మైలేజీలో జిమ్నీదే పైచేయి, దూరంలో థార్‌ది. బండి కొనేటప్పుడు ఎవరూ ఈ తేడా అడగరు. షోరూంలో "ఎంత ఇస్తుంది?" అనే అడుగుతాం, "ఎంత పడుతుంది?" అని అడగం. "ఒక్క ట్యాంకుతోనే లేహ్ చేరాం" అని చెప్పే జిమ్నీ వాళ్లు ఉంటారు. నిజమే అయి ఉంటుంది, ఆ ఇరవై శాతం వాళ్లకు అవసరం పడలేదు అంతే.

క్యాన్ పట్టుకెళ్తే

ఇరవై లీటర్ల ఇనుప జెర్రీ క్యాన్ 1930లలో జర్మన్ సైన్యం చేయించింది. జర్మన్లను బ్రిటిష్ సైనికులు "జెర్రీ" అని ఎగతాళిగా పిలిచేవాళ్లు, ఆ పేరు క్యాన్‌కి అంటుకుంది. పైన మూడు పిడులు ఉంటాయి: ఒక్కడే మోస్తే మధ్యది, ఇద్దరు పట్టుకుంటే పక్కవి. ఇప్పటికీ అంతకంటే మంచి డిజైను రాలేదు. పది లీటర్లవీ దొరుకుతాయి, జిమ్నీకి అదే సరి.

నీళ్ల బాటిళ్లలో, నూనె డబ్బాల్లో పెట్రోలు తీసుకెళ్లడం వద్దు. చాలా బంకులు పోయవు కూడా. పెట్రోలియం చట్టం, 1934 ప్రకారం అమ్మకానికి కాకుండా సొంతానికి 30 లీటర్ల దాకా పెట్రోలు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అంతకు మించి వద్దు.

క్యాన్‌ను బండిలోనే ఉంచి నింపించొద్దు. కింద నేల మీద పెట్టి, నాజిల్ క్యాన్ అంచుకు ఆనించి నింపాలి. లేకపోతే స్థిర విద్యుత్ నిప్పురవ్వకు అవకాశం ఉంటుంది. మెడ దాకా నింపొద్దు, కొంచెం ఖాళీ ఉండాలి. తాండిలో బిగించిన మూతను బారాలాచా మీద తీస్తే "బుస్" మంటుంది, ఎందుకంటే బయటి ఒత్తిడి తగ్గిపోయి ఉంటుంది. మూత మెల్లగా, ముఖం పక్కకు తిప్పి తీయండి. మనుషులు కూర్చునే చోట క్యాన్ వద్దు. రూఫ్ మీద పెడితే బండి పైబరువై ఒరుగుతుంది. వెనక బంపరుకు వేలాడదీస్తే వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు మొదట పగిలేది అదే. బయట, పక్క వైపు, గట్టి బ్రాకెట్‌లో నిలువుగా కట్టడం ఉన్నవాటిలో మేలు.

చాలామంది చేసే తప్పు ఒకటుంది: ట్యాంకు ఖాళీ అయ్యేదాకా క్యాన్ ముట్టుకోరు. ట్యాంకులో పది లీటర్ల ఖాళీ వచ్చిన వెంటనే, నేల సమంగా ఉండి గాలి లేని చోట, ఇంజను ఆపి, జాలీ ఉన్న గరాటుతో పోసేయండి. సర్చూలో నేల సమంగా ఉంటుంది, గాలి ఆగినప్పుడు పోయండి. పెట్రోలుకు అన్నిటికంటే భద్రమైన చోటు బండి ట్యాంకే. గరాటు మర్చిపోతే వార్తాపత్రికను చుట్టి పోయొచ్చు, సగం చేతి మీద పడుతుంది, చేయి చలికి మంటపుడుతుంది. తెలిసే చెబుతున్నాను.

పెద్ద ట్యాంకు వేయించుకోవచ్చు కదా అని అడుగుతారు. ఆస్ట్రేలియాలో అది మామూలు విషయం, అక్కడి తెలుగువాళ్లలో వేయించుకున్నవాళ్లూ ఉంటారు. ఇక్కడ ట్యాంకు మార్చడమంటే రిజిస్ట్రేషన్, బీమా రెండింటితోనూ పేచీ పెట్టుకోవడమే. ఏడాదికోసారి పోయే లదాఖ్ కోసం అది అవసరం లేదు.

దారిలో

పావు ట్యాంకు లెక్క మానేసి సగం ట్యాంకు లెక్క పెట్టుకోండి: సగం దిగాక కనిపించిన మొదటి బంకులో నింపండి. టైర్ల గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూడండి. తారు రోడ్డు మీద ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలకూ బలం ఇస్తూ మామూలు వేగంతో నడిపే గేరులో, నడపకండి, జిమ్నీ, థార్ లాంటి బండ్లలో తారు మీద అది ఖర్చు పెంచడమే కాక గేర్లను బిగదీస్తుంది. మంచు, బురద, ఇసుక వస్తే వేయండి, దాటగానే తీయండి.

డ్యాష్‌బోర్డు మీటరును గమనించండి కానీ దానితో బేరాలాడకండి. తాండిలో ట్రిప్ మీటరు సున్నా చేసి, సర్చూ, పాంగ్, ఉప్షీ దగ్గర ముల్లు ఎక్కడుందో మీ పట్టికతో చూసి లీటర్లు రాసుకోండి. సర్చూ చేరేసరికి ఎక్కుడులో సగానికి పైగా అయిపోయి ఉంటుంది, కాబట్టి అక్కడ ముల్లు మీ అంచనా కంటే కొంచెం కిందికి ఉన్నా కంగారు పడక్కర్లేదు. పాంగ్‌లో కూడా కిందే ఉంటే వేగం తగ్గించండి, పాంగ్ దాటాక వచ్చే మోర్ మైదానాల్లో తారు బాగుందని 100కి ఎక్కించకండి.

లేహ్ బంకులో నాజిల్ టక్ మన్నాక ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి, క్యాన్‌లోంచి పోసినవి దానికి కలపండి. అంచనా 37, పట్టింది 34 అయితే దిగుడులో తిరిగొచ్చింది మూడు. 41 అయితే ఎక్కడో టైరో, కాలో, క్యారియరో తాగింది. ఆ అంకె డైరీలో రాసి పక్కన తేదీ వేయండి. తిరుగు దారిలో ఎక్కుడు తక్కువ, లేహ్ 3,500 మీటర్ల మీద ఉంది కదా. కొత్త లెక్క ఆ రాత్రి గదిలో కూర్చుని వేసుకోవచ్చు.